గాజుపెట్టెలో స్వాతంత్య్రం

గణతంత్ర దినానికి మా బత్తలపల్లె చర్చి వరండాలో సండేస్కూలు పిల్లలు ఒక చిన్న ప్రదర్శన పెట్టారు. భారత రాజ్యాంగం మూలప్రతి పేజీల ఫొటోలను అట్టల మీద అంటించి గోడకు వేలాడదీశారు. ఆరాధన ముగిశాక అందరూ చూశారు, పిల్లల్ని మెచ్చుకున్నారు, వెళ్లిపోయారు. ఒక పెద్దాయన మాత్రం కదల్లేదు. ఆయనకు చదువు రాదు. తండ్రి చేసిన అప్పు కింద చిన్నతనంలోనే గొర్రెలు కాయడానికి జీతానికి వెళ్లి, పెళ్లీడు వచ్చేదాకా ఆ దొడ్డి విడవని మనిషి. ‘‘అయ్యగారూ, ఇందులో మా మాట యాడుంది?’’ అని అడిగాడు. నేనాయన వేలు పట్టుకుని 23వ అధికరణం మీద ఆనించాను. మనుషులతో వెట్టిచాకిరీ చేయించడం నేరమని అక్కడ రాసి ఉందని చెప్పాను. ఆయన ఆ అక్షరాలను కాసేపు తడిమి, ‘‘నేను పుట్టకముందే రాసినారే! మరి మాకెవరూ చెప్పలేదేం?’’ అన్నాడు. వేదాంత కళాశాలలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

ఆ మూలప్రతి కథ గొప్పది. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా అనే లేఖకుడు ఆరు నెలలపాటు చేత్తో దాన్ని రాశాడు. కూలి అడగలేదు, ప్రతి పేజీలో తన పేరు ఉంటే చాలన్నాడు. శాంతినికేతన్‌కు చెందిన నందలాల్ బోస్, ఆయన శిష్యులు దాన్ని బొమ్మలతో అలంకరించారు. 1950 జనవరి 24న 284 మంది రాజ్యాంగసభ సభ్యులు దానిపై సంతకాలు చేశారు. మన అనంతపురం జిల్లా బిడ్డలు నీలం సంజీవరెడ్డి, కల్లూరు సుబ్బారావు ఆ సభలో సభ్యులు. ఢిల్లీలో పార్లమెంటు గ్రంథాలయం ఆ ప్రతిని గాలి చొరబడని గాజుపెట్టెలో భద్రపరిచింది. 2024 నవంబరులో హర్యానాలోని సోనీపత్‌లో ఒక విశ్వవిద్యాలయం రాజ్యాంగం కోసమే ప్రత్యేకంగా మ్యూజియం కూడా తెరిచింది. ఇవన్నీ మంచి పనులే. అయితే పత్రాన్ని కాపాడినంత జాగ్రత్తగా, అది విడిపించిన మనిషిని మనం కాపాడుతున్నామా?

అమెరికాలో అబ్రహాం లింకన్ 1863 జనవరి 1న బానిసల విమోచన ప్రకటనపై సంతకం చేశాడు. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ బానిసలకు ఆ కబురు అధికారికంగా అందింది 1865 జూన్ 19న! రెండున్నరేళ్లపాటు వాళ్లు కాగితం మీద స్వతంత్రులు, పొలాల్లో బానిసలు. మన దేశంలో ఆ ఎడం ఇంకా ఎక్కువ. 1950లో రాజ్యాంగం వెట్టిని నిషేధిస్తే, వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గాని రాలేదు. ఆ చట్టం వెట్టి అప్పులన్నింటినీ రద్దు చేసింది, వెట్టి చేయించినవారికి మూడేళ్లదాకా జైలుశిక్ష పెట్టింది. మా పెద్దాయన యవ్వనమంతా ఆ పాతికేళ్ల ఎడంలోనే గడిచిపోయింది.

బైబిలులో ఇలాంటి ఒక పత్రం కథ ఉంది (యిర్మీయా 34). బబులోను సేనలు యెరూషలేమును ముట్టడించినప్పుడు రాజైన సిద్కియా, ప్రధానులు దేవుని మందిరంలో నిబంధన చేసి తమ దాసులను, దాసీలను విడిపించారు. శత్రుసేన కొంచెం వెనక్కి తగ్గగానే విడిచిపెట్టినవారినే మళ్లీ పట్టి తెచ్చుకున్నారు. దేవుడు ప్రవక్త ద్వారా చాలా కఠినంగా మాట్లాడాడు. మీరు మీ సహోదరులకు విడుదల చాటలేదు గనుక నేనే మీకు విడుదల చాటిస్తున్నాను, ఖడ్గానికీ తెగులుకీ కరువుకీ మిమ్మల్ని వదిలిపెడుతున్నాను అన్నాడు. మన సీమ కరువు ఎవరి పాపానికో శిక్ష అని నేననను. వానలేని నేలలో అప్పు లేకుండా బతకడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఆపద వచ్చినప్పుడు దేవునికి మాటిచ్చి, ఆపద తీరాక పేదవాడి మీద ఆ మాట తప్పడం ఎంత పాపమో ఈ అధ్యాయం చెబుతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం సంఘంలోని ఒక కుటుంబం ఇంట్లో ఒక కుర్రాడు పశువులు కాస్తుండేవాడు. వేరుశనగ పంట పోయిన ఏడు వాళ్ల నాన్న తీసుకున్న అప్పుకు వాడు బడి మానేశాడు. ఆ ఇంటికి నేను ప్రార్థనకు వెళ్లాను, భోజనం చేశాను, ఆ పిల్లవాడే నాకు చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోశాడు. నేను ఏమీ అడగలేదు. చర్చి ప్రహరీగోడకు ఆ కుటుంబమే ఎక్కువ చందా ఇచ్చింది మరి! గలతీ పత్రికపై నేను చేసిన ప్రసంగాలు ఎన్నో. ఆ ఒక్క రోజు నా మౌనం ముందు అవన్నీ తేలిపోయాయి.

క్రైస్తవులకు రాజ్యాంగంతో మరో బాకీ కూడా ఉంది. తన విశ్వాసాన్ని ప్రచారం చేసుకునే హక్కు 25వ అధికరణంలో ఉండాలా వద్దా అని 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో గట్టి చర్చ జరిగింది. ఆ హక్కు ఉండాలని వాదించినవారిలో కె.ఎం.మున్షీ, టి.టి.కృష్ణమాచారి వంటి హిందూ సోదరులున్నారు. సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి.ముఖర్జీ క్రైస్తవుడై ఉండి కూడా చట్టసభల్లో మతాన్నిబట్టి ప్రత్యేక స్థానాలు వద్దన్నాడు. ఇరుగుపొరుగువారు మనల్ని నమ్మి ఇచ్చిన స్వేచ్ఛ అది. 25వ అధికరణాన్ని గుర్తుంచుకుని 23ను మరచిపోతే, హక్కు మనకు, బాధ్యత ఇతరులకు అన్నట్టవుతుంది. అలాంటి సంఘం ప్రకటించే సువార్తను ఎవరు నమ్ముతారు?

అందుకే సంఘాలకు నాదొక మనవి. జనవరి 26కు దగ్గరగా వచ్చే ఆదివారం జెండా ఎగరేసి మిఠాయి పంచడంతో సరిపెట్టుకోవద్దు. యిర్మీయా 34వ అధ్యాయాన్ని, 17, 23 అధికరణాలను అందరికీ అర్థమయ్యేలా తెలుగులో చదివించండి. సంఘపెద్దలు కాపరితోపాటు కూర్చుని, మన ఇళ్లలో, పొలాల్లో, మగ్గాల దగ్గర అప్పు కింద చిక్కుకున్నవారెవరైనా ఉన్నారా అని తమను తాము పరీక్షించుకోవాలి. ఉంటే ఆ లెక్క ఆ రోజే కొట్టేయాలి. పిల్లలైతే మరునాడే బడికి పంపాలి. దానికయ్యే ఖర్చుకు పండుగ అలంకరణల డబ్బు సరిపోతుంది.

యెషయా గ్రంథంలో విడుదలను సూచించే ‘దెరోర్’ అన్న హెబ్రీ మాట ఉంది. యిర్మీయా వాడిందీ, సునాద సంవత్సరం గురించి లేవీయకాండంలో ఉన్నదీ అదే మాట. నజరేతు సమాజమందిరంలో యేసుప్రభువు ఆ యెషయా గ్రంథపు చుట్టనే విప్పి చదివాడు. చదివాక దాన్ని చుట్టి పరిచారకునికి తిరిగి ఇచ్చేశాడు. ఆ లేఖనం ఈ రోజే నెరవేరిందని చెప్పి, వీధుల్లోకి, రోగుల దగ్గరికి, పాపుల ఇళ్లకు వెళ్లాడు. చుట్ట మందిరంలోనే ఉండిపోయింది, విడుదల మాత్రం ఆయనతో నడిచి వెళ్లింది.

మా పిల్లలు పెట్టిన ఆ అట్టలు ఇంకా వరండాలోనే ఉన్నాయి. పెద్దాయన ప్రతి ఆదివారం వాటి ముందు ఒక నిమిషం ఆగుతాడు. ఈమధ్య తన మనవరాలిని వెంట తెచ్చి ఆ వాక్యాన్ని చదివించుకున్నాడు. ఆ అమ్మాయి చదువుతుంటే విన్నాను. కబురు ఆలస్యంగానైనా ఆ ఇంటికి చేరింది. ఇంకా చేరని ఇళ్లు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే ఇప్పుడు మన వంతు.