గాలి పెట్టిన పేరు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం బోస్టన్‌కు ఈశాన్యాన, అంటే పటంలో పైవైపున ఉంటుంది. అయినా అక్కడి తీరప్రాంతాన్ని ఇంగ్లీషులో ‘డౌన్ ఈస్ట్’ అంటారు. కిందనున్న బోస్టన్‌కేమో ‘అప్’ వెళ్తామంటారు. పటం ముందేసుకుని ఇది తప్పనేవాళ్లు తెరచాప ఓడలను మరిచిపోతున్నారు. వేసవిలో ఆ తీరాన ఎక్కువగా వీచేది నైరుతి గాలి. బోస్టన్‌లో బయల్దేరిన ఓడ గాలివాటున తూర్పుకు సాగిపోయేది. నావికులకు గాలి పోయే వైపే ‘డౌన్’. తిరుగు ప్రయాణమే కష్టం, ఎదురుగాలికి అటూ ఇటూ మళ్లుతూ రావాలి. ఆ శ్రమ పడ్డవాళ్ల మాటకే ఎక్కువ విలువ.

1954లో మొదలైన అక్కడి పత్రిక ఒకటి నేటికీ ఇదే పేరుతో వస్తోంది. ఈ మాటకు అర్థం రాసే ప్రతి నిఘంటువూ దిక్కుతో పాటు గాలినీ చెప్పాలి.