అడ్డు కంట్లో లేదు, పనిముట్టులో ఉంది

కంప్యూటరు ప్రోగ్రాం ఎలా ఉంటుందో మీరెప్పుడైనా చూశారా? తెరమీద కదిలే రంగుల బొమ్మల సంగతి కాదు, వాటి వెనక ఉండి వాటిని ఆడించే దాని సంగతి అడుగుతున్నాను. అక్కడ ఉండేవి వట్టి అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు. పైనుంచి కిందికి వరుసగా పేర్చిన వాక్యాలు. ఉత్తరాన్ని చదివినట్టే దాన్నీ చదవవచ్చు. ఎవరైనా చదివిపెడితే వినవచ్చు కూడా.

అయినా, చూపులేని విద్యార్థి ఎవరైనా "నేను ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటాను" అంటే మనవాళ్ళు ఏమంటారు? "తెరే కనబడనప్పుడు కంప్యూటరుతో ఏం చేస్తావు నాయనా? హాయిగా సంగీతం నేర్చుకో" అంటారు. ప్రేమ కొద్దీ అనే మాటే. కాని తప్పు మాట. ఎందుకు తప్పో చూద్దాం.

చూపులేనివారు కంప్యూటరును స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం సాయంతో వాడతారు. తెరమీది అక్షరాలను అది గొంతుతో చదువుతుంది. తగిన పరికరం తగిలిస్తే బ్రెయిలీ చుక్కలుగా వేళ్ళకు అందిస్తుంది. మౌస్‌తో పని లేదు, అంతా కీబోర్డుమీదే నడుస్తుంది. అలవాటైనవారు ఆ గొంతును ఎంత వేగంగా పెట్టుకుంటారంటే, పక్కనున్నవాళ్ళకు ఒక్క ముక్క కూడా అర్థం కాదు!

ఇలాంటి ప్రోగ్రాములను ఎవరు తయారుచేశారు? అమెరికాలో టెడ్ హెంటర్ అనే ఇంజనీరు 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. తరువాత ప్రోగ్రాములు రాయడం నేర్చాడు. ఆయన సంస్థ 1989లో జాస్ అనే స్క్రీన్ రీడరును విడుదల చేసింది. పూనాలో పుట్టిన టి.వి. రామన్‌కు 14వ ఏట చూపు పోయింది. ఆయన బొంబాయి ఐ.ఐ.టి.లో కంప్యూటరు శాస్త్రం చదివాడు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లెక్కల సూత్రాలను కంప్యూటరు చేత చదివించే పద్ధతిమీద పరిశోధన చేసి, 1994లో డాక్టరేటు పొందాడు. 1995లో ఈమాక్‌స్పీక్ అనే మాట్లాడే పనిముట్టును లోకానికి అందించాడు.

స్క్రీన్ రీడర్లు మొదట్లో చాలా ఖరీదుగా ఉండేవి. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో ఎన్.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడరును రాయడం మొదలుపెట్టాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అది తెలుగు కూడా చదువుతుంది.

చూశారా! చూపులేనివారు కంప్యూటరును వాడటంతో ఆగలేదు. తమకు కావలసిన పనిముట్లను తామే చేసుకున్నారు. అందుచేత "చూపులేనివారు ప్రోగ్రాములు రాయగలరా?" అన్న ప్రశ్నకు ఎప్పుడో జవాబు వచ్చేసింది. మనం అడగవలసిన ప్రశ్న వేరు: "ఏ పనిముట్టుతో రాయాలి?"

పనిముట్లన్నీ ఒకటి కావు. పిల్లలకు ప్రోగ్రాములు నేర్పే కొన్ని సాధనాలలో రంగురంగుల దిమ్మలను మౌస్‌తో లాగి అతికించాలి. చూపున్నవారికి అది ఆట. స్క్రీన్ రీడరుకు చాలావరకు గోడ. అలాంటి సాధనంతో మొదలుపెట్టి, రెండు రోజులకే "ఇది నావల్ల కాదు" అనుకుంటే, తప్పు ఆ విద్యార్థిది కాదు. అదే పాఠాన్ని అక్షరాలలో రాసే భాషతో మొదలుపెడితే దారి దొరికేది.

కనక ఏ పనిముట్టునైనా మూడు ప్రశ్నలు వేసి పరీక్షించండి. పనంతా కీబోర్డుతోనే జరుగుతుందా? అది చెప్పేదంతా అక్షరాలలో ఉందా, లేక బొమ్మలలో ఉందా? తప్పు జరిగినప్పుడు ఎర్రగీత గీసి ఊరుకుంటుందా, శబ్దంతో కూడా చెబుతుందా? విజువల్ స్టూడియో కోడ్ అనే ఉచిత పనిముట్టు తప్పున్న వరుస దగ్గరకు రాగానే చిన్న శబ్దం చేయగలదు. ఎర్రగీత కంటికి చెప్పేదే ఆ శబ్దం చెవికి చెబుతుంది.

ఇక్కడ మరో తొందరపాటును గురించి కూడా చెప్పాలి. పైథాన్ భాషలో వరుసకు ముందు వదిలిన ఖాళీకి అర్థం ఉంటుంది. ఏ వాక్యం దేని కిందికి వస్తుందో ఆ ఖాళీయే చెబుతుంది. కంటికి ఆ మెట్లు ఇట్టే కనబడతాయి. మరి చెవికో? ఖాళీ చప్పుడు చేయదు కదా! అందుకని "చూపులేనివాళ్ళకు పైథాన్ పనికిరాదు" అని తీర్పు చెప్పేవారున్నారు. కాని ఎన్.వి.డి.ఎ.లో ఒక సెట్టింగు మారిస్తే చాలు. ఖాళీ మారినప్పుడల్లా ఎన్ని ఖాళీలో చెబుతుంది, లేదా ఒక స్వరం వినిపిస్తుంది. వరుస లోపలికి జరిగేకొద్దీ స్వరం పైకి పోతుంది. మెట్లు సరిగమలైపోయాయన్నమాట! ఇంతకూ ఎన్.వి.డి.ఎ.లో ఎక్కువ భాగాన్ని ఏ భాషలో రాశారో తెలుసా? పైథాన్‌లోనే!

ఇక ఉద్యోగం సంగతి. అన్ని పనులూ సమానంగా సులువని నేను చెప్పను. తెరమీద ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో చూడటానికి కళ్ళున్న తోటివారి సాయం కావాలి. కాని ప్రోగ్రాముల లోకంలో అది ఒక మూల మాత్రమే. సమాచారాన్ని భద్రపరిచే పని, లెక్కలు కట్టే పని, యంత్రాల మధ్య కబుర్లు నడిపే పని, ఇవన్నీ అక్షరాలతో జరిగేవే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం కేటాయించింది. అందులో 1 శాతం చూపులేనివారికీ చూపు మందగించినవారికీ చెందుతుంది. మంచిదే. అయితే చట్టం కుర్చీ ఇప్పిస్తుంది. ఆ కుర్చీ ముందున్న కంప్యూటరు మాట్లాడకపోతే ఆ ఉద్యోగి ఏం చేస్తాడు? కాబట్టి ఉద్యోగంలో చేరేముందు జీతం ఎంతో అడిగినట్టే, రోజూ వాడే పనిముట్టు ఏమిటో అడగాలి. వీలైతే ముందే వాడిచూడాలి.

అయితే ఈ ఎంపికలన్నిటికన్నా ముందు మరొకటి ఉంది. అది పదో తరగతి తరువాత గ్రూపు ఎంచుకోవడం. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదని సైన్సు గ్రూపు ఇవ్వమన్నారు. ఆయన కోర్టుకు వెళ్ళి గెలిచాడు. అమెరికాలో పేరుమోసిన ఎం.ఐ.టి.లో చదివి వచ్చి, 2012లో హైదరాబాదులో పరిశ్రమ పెట్టాడు. ఆనాడు సరేనని ఊరుకుంటే ఆ తలుపులు తెరుచుకునేవి కావు. ఎవరైనా చదివిపెడుతుంటే ఈ వ్యాసం వింటున్న మిత్రమా, నీకు చెప్పేది ఒక్కటే: లెక్కలను వదలకు. ఏ పనిముట్టు పనికివస్తుందో నువ్వే వాడి తేల్చుకో. నీ బదులు ఇంకొకరి జాలిని తేల్చనివ్వకు.

కళ్ళతో చదువుతున్న మీకూ ఒక పని ఉంది. ఈసారి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మౌస్‌ను పక్కన పెట్టండి. ఎన్.వి.డి.ఎ. నడిపించి, తెర ఆపేసి, ఒక ఉత్తరం రాసి పంపడానికి ప్రయత్నించండి. కొన్ని చోట్ల "బటన్" అని మాత్రమే వినిపిస్తుంది. ఏం చేసే బటనో వినిపించదు. దాన్ని చేసినవాడు పేరు పెట్టడం మరిచిపోయాడు! రేపు మీలో కొందరు ఇలాంటి ప్రోగ్రాములు రాస్తారు. ఆ బటన్‌కు పేరు పెట్టడానికి రెండు మాటలు చాలు. మీరు మాత్రం మరిచిపోకండి.