హంపి దిమాగ్‌కి తిరుగులేదు, పేచీ అంతా ఘడీతోనే



మా అయిజ బచ్చాలు ఈ మధ్య ఒక ఫైసలా ఇచ్చేశారు. కోనేరు హంపి ఆన్‌లైన్‌లో "స్లో" అట. ఫోన్‌లో నిమిషం బాజీలు ఆడి ఆడి వేళ్లు అరిగిపోయిన పిల్లలు వీళ్లు. ఆమె పాత మ్యాచుల వీడియోలు చూసి, "ఘడి పరిగెత్తుతుంటే ఈమె ఏం సోంచాయిస్తుంది మామూ?" అని నన్నడుగుతారు. శతరంజ్ మీద నాకున్న షౌఖ్ ఊళ్లో అందరికీ తెలుసు కనక జవాబు నేనే చెప్పాలని వాళ్ల జిద్దు.

వాళ్ల మాటలో సగం నిజముంది. ముందు నిజం కాని సగం చూద్దాం. హంపి రెండుసార్లు ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. 2019 డిసెంబర్‌లో మాస్కోలో చైనా అమ్మాయి లీ టింగ్జీని టైబ్రేక్‌లో ఓడించి తాజ్ పెట్టుకుంది. అప్పటికి ఆమె తల్లి అయి రెండేళ్లు. కాన్పు కోసం 2016 నుంచి 2018 దాకా ఆటకే దూరంగా ఉండి వచ్చిన మనిషి. మళ్లీ 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడిపోయి, అక్కణ్నుంచి లేచి 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో గెలిచింది. ఆ తాజ్ రెండుసార్లు దక్కిన ఆడమనిషి అంతకుముందు జూ వెన్‌జున్ ఒక్కతే. ఇక 2022లో అల్మాటీలో బ్లిట్జ్‌లో వెండి పతకం. బ్లిట్జ్ అంటే మనిషికి మూడు నిమిషాలు, చాల్‌కి రెండు సెకన్లు అదనం. అందులో దునియాలో రెండో జగా తెచ్చుకున్న మనిషిని స్లో అనాలంటే ఆ మాట అనే నోటికి కొంచెం లిహాజ్ ఉండాలి.

నిజమైన సగం ఏమిటంటే, బల్ల మీద ఉన్న హంపి, తెర మీద ఉన్న హంపి ఒక్కరు కాదు.

2020 యాద్ చేసుకోండి. లాక్‌డౌన్. మసీదులకే తాళాలు పడిన రోజులు. శతరంజ్ మొత్తం కంప్యూటర్లలోకి వెళ్లిపోయింది. ఆ జులైలో మహిళల స్పీడ్ చెస్ పోటీ ఒక అంచె సెమీఫైనల్‌లో హంపి, ప్రపంచ నంబర్ వన్ హౌ యిఫాన్‌ని 6-5తో ఓడించింది. 2011లో టిరానాలో ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో తనను ఓడించిన హౌ యిఫానే ఆమె. దిల్ ఖుష్ అయిన రోజు అది. కానీ ఫైనల్ చేజారింది.

ఆ పోటీ తరీఖా తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. మొదట అయిదు నిమిషాల బాజీలు, తర్వాత మూడు నిమిషాలవి, చివర ఒక్క నిమిషానివి. ప్రతి చాల్‌కీ ఒక్క సెకను మాత్రమే అదనంగా వస్తుంది. అయిదు నిమిషాల్లో హంపి ఆలోచనకు జాగా ఉంది. ఒక్క నిమిషం దగ్గరికొచ్చేసరికి అది శతరంజ్ కంటే ఎక్కువ మౌస్ ఆట. ఎదుటివాడు చాల్ వెయ్యకముందే మన చాల్ వేసి పెట్టుకోవచ్చు, దాన్నే ప్రీమూవ్ అంటారు. కుడి చేతి మీద అంత హద్దు ఉండాలి. చిన్నప్పటి నుంచి తెర మీదే పెరిగిన పిల్లలకు ఇది తల్లి పాలతో వచ్చిన హునర్. 1987లో గుడివాడలో పుట్టి, నాన్న అశోక్ గారు ఉద్యోగం వదిలేసి దగ్గర కూర్చుని నేర్పితే, చెక్క పావులతో ఎదిగిన మనిషికి అది పరాయి జుబాన్. మాట్లాడగలదు, ఖ్వాబ్‌లు మాత్రం ఆ జుబాన్‌లో రావు.

అలాగని ఆమె నిమిషం బాజీలు సాధన చెయ్యాలని నేననను. ఫిడే ఇచ్చే ప్రపంచ తాజ్‌లలో నిమిషం ఆటకు తాజ్ లేదు. దాని కోసం 38 ఏళ్ల తర్వాత చేతి నరాలు హైరాన్ చేసుకోవడం దేనికి? నేను పేచీ పెట్టేది ఇంకో చోట. శురువాత్‌లో ఆమె ఖర్చు చేసే వఖ్త్ దగ్గర.

2025 జులైలో బటూమిలో ప్రపంచ కప్ ఫైనల్. ఇద్దరూ మన దేశం ఆడపిల్లలే. ఒకవైపు 38 ఏళ్ల హంపి, ఇంకోవైపు 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్. రెండు క్లాసికల్ బాజీలు డ్రా. మొదటి ర్యాపిడ్ డ్రా. రెండో ర్యాపిడ్‌లో హంపి దగ్గర తెల్ల పావులున్నాయి, చివర్లో ఘడీలో వఖ్త్ లేదు. ఇద్దరూ తడబడ్డారు, ఆఖరి తడబాటు హంపిది. కప్పు దివ్య పట్టుకుపోయింది, దాంతోపాటే గ్రాండ్‌మాస్టర్ టైటిల్ కూడా. అది బల్ల మీద ఆడిన ఆటే, ఆన్‌లైన్ కాదు. కానీ మర్జ్ ఒకటే. ఆన్‌లైన్‌లో అది రెండింతలై కనిపిస్తుంది, అంతే.

దవా చెప్పే హైసియత్ నాకుందా అంటే, గ్యాలరీలో కూర్చున్నవాడికి ఉన్నంత ఉంది. ప్రతి మంగళవారం టైటిల్ ఉన్నవాళ్ల కోసం ఆన్‌లైన్ పోటీ జరుగుతుంది. 11 రౌండ్లు, మూడు నిమిషాలు, చాల్‌కి ఒక సెకను. నెలకు ఒకటి రెండుసార్లు అందులో కూర్చోవాలి. గెలవడానికి కాదు. మొదటి పన్నెండు చాల్‌లు "చాలా మంచిది" వెతక్కుండా "చాలు, బాగానే ఉంది" అనిపించగానే వేసెయ్యడం అలవాటు కావడానికి. హంపిలాంటి కమాల్ ఉన్నవాళ్లకు ఇదే కష్టం. ఎండ్‌గేమ్‌లో ఆమెకున్న పట్టు చూడండి. బాజీ అక్కడిదాకా వచ్చి, చేతిలో రెండు నిమిషాలు మిగిలుంటే ఎదుటివాళ్లకు నిద్ర పట్టదు. ఆ రెండు నిమిషాలే శురువాత్‌లో ఖర్చయిపోతున్నాయి.

ఒత్తిడికి ఆమె భయపడే రకం కాదు. 2020 ఆగస్టు 29న ఆన్‌లైన్ ఒలింపియాడ్ సెమీఫైనల్‌లో పోలండ్ మీద మనవాళ్లు మొదటి మ్యాచ్ ఓడి, రెండోది గెలిచారు. అప్పుడు ఒక్క ఆర్మగెడాన్ బాజీ మీద దేశమంతా వేలాడింది. మగవాళ్లున్నారు, యువకులున్నారు, కానీ బరువు హంపి భుజాల మీద పడింది. మోనికా సోచ్కోని ఓడించింది. ఇంటర్నెట్ మీద, అంత కచ్చితమైన ఘడీ ముందు. కాబట్టి ఆన్‌లైన్‌లో హిమ్మత్ లేదనే మాట ఝూట్. ఆ ఒలింపియాడ్ ఘడీ 15 నిమిషాలు, చాల్‌కి 5 సెకన్లు. ఊపిరి పీల్చుకునే జాగా ఇస్తే ఆమె ఎలా ఆడుతుందో దానితోనే తెలుస్తుంది.

మర్నాడు ఫైనల్లో జరిగింది ఇంకో కథ. రష్యాతో రెండో మ్యాచ్‌లో ఇంటర్నెట్ ఖరాబై నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌ల కనెక్షన్ తెగిపోయింది. వాళ్లు వఖ్త్ మీద ఓడిపోయారు. చివరికి ఫిడే ఇద్దరికీ బంగారం పంచింది. (ఆ పతకాలు రష్యా నుంచి వస్తే కస్టమ్స్ వాళ్లు సుంకం కట్టించుకున్నారు! జీతే తో భీ చాలానా.) ఆ రోజు కనెక్షన్ తెగిన పిల్లే అయిదేళ్ల తర్వాత బటూమిలో హంపిని ఓడించిన దివ్య. అయిజలో గాలివాన రాగానే కరెంటు పోయే ఇంట్లో పిల్ల ఓడితే "నీకు రాదులే" అనకండి. ప్రపంచ ఫైనల్లో కూడా తీగ తెగుతుంది.

ఇక్కడే ఈమాన్ మాట కూడా ఒకటి. న్యూయార్క్‌లో ఆఖరి రౌండులో హంపి ఓడించింది ఇండోనేషియా ఆటగత్తె ఇరీన్ సుకందర్‌ని. 2021లో ఆమె దేశంలో ఒక తమాషా జరిగింది. దేవా కిపాస్ అనే పేరుతో ఆన్‌లైన్‌లో పెద్ద పెద్ద ఆటగాళ్లను ఓడిస్తున్న ఒక పెద్దమనిషి ఖాతాను, కంప్యూటర్ సాయం తీసుకుంటున్నాడని సైటు వాళ్లు మూసేశారు. జనం ఆయన వైపు నిలబడి గోల చేశారు. సరే, కెమెరాల ముందు రా అని సుకందర్ ఎదురుగా కూర్చుంది. 3-0. పది లక్షల మందికి పైగా లైవ్‌లో చూశారు. మన పిల్లలు గెలుపు చూపించినప్పుడు "మాషాఅల్లాహ్" అనే ముందు పక్కన ఇంకో ఫోన్ ఉందేమో ఒకసారి చూడండి. ఖాతా కూడా అమానత్తే.

శతరంజ్ మీద ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉందని నాకు తెలుసు. షాఫయీ మజ్హబ్‌లో కొంత నరమ్, మన హనఫీలలో సఖ్త్. మీ ఆలిమ్ గారిని అడగండి, ఆ ఫైసలా నాది కాదు. జూదం లేని, నమాజ్ ఖజా చెయ్యని ఆట గురించే నేను రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానంటే ఒక పేరు నన్ను వదలదు: ఫాతిమా.

మీర్ సుల్తాన్ ఖాన్ పేరు కొందరికైనా తెలిసి ఉంటుంది. పంజాబ్ నుంచి సర్ ఉమర్ హయాత్ ఖాన్ వెంట ఇంగ్లండ్ వెళ్లి, 1929, 1932, 1933లో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. ఫిడే 2024లో ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ ఇచ్చింది, చనిపోయిన ఎన్నో ఏళ్లకు. అదే కొలువులో పనిచేసిన ఫాతిమా అనే అమ్మాయి 1933లో బ్రిటిష్ మహిళల చాంపియన్ అయ్యింది. ఒకే ఏడు, ఒకే కొలువు, రెండు తాజ్‌లు. ఆ తర్వాత దేశం తిరిగొచ్చింది, శతరంజ్‌లో ఆమె జాడ లేదు. హంపికి బిడ్డ పుట్టాక రెండేళ్లు ఆగి తిరిగొచ్చే దారి ఉంది, తోడుగా ఇల్లు ఉంది, ఓఎన్‌జీసీలో నౌకరీ ఉంది. ఫాతిమాకు ఏదీ లేదు. హుజూర్ కొలువు ఎటు కదిలితే అటు.

మన నడిగడ్డలో ఆడపిల్ల వేళ్ల చురుకు ఇన్నాళ్లూ ఎవరు గుర్తించారు? పత్తి విత్తనం పండించేవాళ్లు. సాయంత్రం మొగ్గ ఒలిచి పొద్దున పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి చిన్న వేళ్లయితే పువ్వు చెడదని. స్కూలు మాన్పించి తీసుకుపోయిన రోజులు మనందరికీ తెలుసు. అదే వేళ్లు ఇప్పుడు రాత్రి ఇషా తర్వాత అబ్బా ఫోన్ మీద గుర్రాన్ని నడుపుతున్నాయి. నా భాంజీ ఒకతి అలాంటిదే. దాన్ని టెన్త్‌తో ఆపెయ్యాలా, పైకి పంపాలా అని ఇంట్లో బహస్ నడుస్తోంది. పోటీలకు ఊరు దాటి పంపమంటే ఆపా భయపడుతుంది. ఆన్‌లైన్ ఆట ఆ భయానికి అడ్డం పడదు, పిల్ల ఇంట్లోనే ఉంటుంది, ఎదుటివాడు ఏ దేశంలోనో ఉంటాడు. కానీ ఇంట్లోనే ఉంచెయ్యడానికి దాన్ని బహానా చేసుకోవద్దని నా మాట. హంపి ఆట తెరమీద తగ్గి బల్లమీద పెరుగుతుందంటే, కారణం ఆమె బల్ల ముందు పెరగడమే. మన పిల్లలకు ఉల్టా జరుగుతోంది. ఎదురుగా మనిషి కూర్చుని కళ్లలోకి చూస్తే చెయ్యి వణికే చాంపియన్లు తయారవుతున్నారు.

అన్నట్టు, మన ఇళ్లలో బిసాత్ మీద అన్నిటికంటే బలమైన పావును ఇంకా వజీర్ అనే పిలుస్తాం. తెలుగు ఇళ్లలో మంత్రి. ఫిరంగీ దేశాల్లో ఎన్నో వందల ఏళ్ల కింద నుంచే అది రాణి. మా భాంజీ దాన్ని "మలికా" అంటుంది. ఎవరు నేర్పారో తెలీదు. నేను దిద్దలేదు.

ఒక అట్టబోర్డు కొనివ్వండి. వారానికి రెండు రోజులు ఫోన్ పక్కన పెట్టి అన్నాచెల్లెళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టండి. నిమిషం బాజీలు బంద్, కనీసం పది నిమిషాలవి ఆడనివ్వండి. ఓడిన బాజీని రాసుకోమనండి. ఈసారి హంపి మ్యాచ్ లైవ్‌లో వచ్చినప్పుడు పిల్లలతో కలిసి చూడండి, పావులు కాదు, ముందు ఘడీని చూడండి. పన్నెండో చాల్ అయ్యేసరికి సగం వఖ్త్ మిగిలుందా లేదా అని.