వేగం కొనేముందు పోపులపెట్టెను చూడండి

“ఆట తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పడుతోంది, కొత్త కంప్యూటరు కొనిపెట్టండి” అని మీలో ఎవరైనా ఇంట్లో మారాం చేస్తున్నారా? కాస్త ఆగండి. ముందు వంటింట్లోకి వెళ్ళి, పోపు వేసే తీరు గమనించండి.

నూనె కాగగానే ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిరపకాయలు పడాలి. వాటికోసం ప్రతిసారీ అటక ఎక్కి దిగితే నూనె మాడిపోతుంది. అందుకే సరుకంతా అటకమీద ఉన్నా, రోజూ కావలసినవి చిన్న పోపులపెట్టెలో పొయ్యి పక్కనే ఉంటాయి.

మీ కంప్యూటరులో హార్డ్ డిస్క్ అటకలాంటిది. అందులోని పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుందనుకొందాం. అంటే సెకండుకు 120 చుట్లు; ఒక్కొక్క చుట్టుకు 8.3 మిల్లీసెకండ్లు. కావలసిన సమాచారం చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకండ్లకు పైగా ఆగాలి. హెడ్ పక్కకు జరగడానికి పట్టే కాలం దీనికి అదనం. ఆట మొదలు కావాలంటే అక్కడక్కడా చెదిరి ఉన్న వేలాది ముక్కలు కావాలి. ఈ చిన్న ఆలస్యాలన్నీ కూడితేనే మీ రెండు నిమిషాలు! ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగమేదీ లేదు. ఒక ముక్కను అందించడానికి దానికి మిల్లీసెకండులో పదోవంతు చాలు.

సమాచారమంతా పెద్ద హార్డ్ డిస్క్‌లోనే ఉంచి, తరచుగా వాడేదాని నకలును చిన్న ఎస్.ఎస్.డి.లో ఉంచడాన్ని ‘క్యాషింగ్’ అంటారు. ఇక్కడ క్యాష్ అంటే డబ్బు కాదు. దాచడం అనే అర్థం గల ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. పెద్ద, నిదానమైన మెమరీకి చిన్న, చురుకైన మెమరీని తోడుపెట్టడాన్ని గురించి బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు మారిస్ విల్క్స్ 1965లోనే రాశాడు. 2011లో ఇంటెల్ కంపెనీ తన జడ్68 చిప్‌సెట్‌తో ఎస్.ఎస్.డి. క్యాషింగ్‌ను ఇళ్ళలోని కంప్యూటర్లకు తెచ్చింది. 2013లో లినక్స్‌లో బీక్యాష్ అనే ఏర్పాటు చేరింది.

ఇది అందరికీ అవసరమా? నా అభిప్రాయం చెబుతాను. ఇంట్లో పెద్ద హార్డ్ డిస్క్‌తోపాటు చిన్న ఎస్.ఎస్.డి. ఒకటి ఖాళీగా పడి ఉంటే, క్యాషింగ్ చేసి చూడవలసిందే. పైసా ఖర్చు లేదు, నేర్చుకొనేది ఎంతో ఉంది. కాని కొత్తగా కొనవలసివస్తే, ఆట మొత్తం పట్టేంత ఎస్.ఎస్.డి.ని కొని, ఆటను నేరుగా అందులోనే ఉంచడం మేలు.

క్యాషింగ్ చేసేవారు మూడు సంగతులు మరవకూడదు. మొదటిది, ఆట త్వరగా తెరుచుకొంటుందే గాని, తెరమీద బొమ్మల కదలిక వేగం పెద్దగా పెరగదు. అది గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరుల పని. రెండవది, మొదటిసారే ఫలితం కనిపించదు. పోపులపెట్టె నిండాలి కదా!

మూడవది అన్నిటికంటె ముఖ్యం. ‘రైట్-త్రూ’ పద్ధతిలో రాసిన ప్రతిదీ వెంటనే హార్డ్ డిస్క్‌కు కూడా చేరుతుంది. ‘రైట్-బ్యాక్’లో మొదట ఎస్.ఎస్.డి.కి మాత్రమే చేరి, తరవాత తీరికగా డిస్క్‌కు వెళుతుంది. ఇది ఇంకా వేగమైనదే. కాని ఈలోగా ఎస్.ఎస్.డి. చెడిపోతే ఆ సమాచారం పోయినట్లే. పోయిన ఆటను మళ్ళీ తెచ్చుకోవచ్చు. అక్క పెళ్ళి ఫోటోలను తెచ్చుకోలేరు. కనుక రైట్-త్రూనే ఎంచుకోండి. క్యాషింగ్ అమర్చేటప్పుడు ఎస్.ఎస్.డి.లో ఉన్నది చెరిగిపోవచ్చు. పని మొదలుపెట్టకముందే ముఖ్యమైన వాటి నకలు వేరేచోట దాచండి.

చివరగా ఒక ప్రయోగం. క్యాషింగ్‌కు ముందు మూడుసార్లు, తరవాత మూడుసార్లు ఆట తెరుచుకొనే కాలాన్ని గడియారంతో కొలిచి నోటుపుస్తకంలో రాయండి. ప్రతిసారీ కంప్యూటరును ఆపి, మళ్ళీ మొదలుపెట్టాలి సుమా! ఆ తరవాత కూడా కొత్తది కావాలనిపిస్తే, ఆ అంకెలను నాన్నగారి ముందుంచండి. మారాం కంటె అంకెల మాటకే విలువ ఎక్కువ.