పుల్లల కట్టలో పదుల స్థానం
మూడో తరగతి పిల్ల 52లోంచి 27 తీసేయమంటే పలక ముందు తికమకపడుతుంది. అదే పిల్ల చేతికి పదేసి చీపురుపుల్లల కట్టలు అయిదు, విడిపుల్లలు రెండు ఇవ్వండి. ఏడు తీయడానికి పుల్లలు చాలక తనే ఒక కట్ట విప్పుతుంది. ‘అప్పు తెచ్చుకోవడం’ అంటే ఏమిటో ఆ క్షణాన వేళ్లకు తెలిసిపోతుంది. చేతిపనితోనే చదువు సాగాలని గాంధీజీ 1937లో వార్ధాలో చెప్పారు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పుస్తకాల సంచి లేకుండా చేతిపనులు నేర్చుకునే పది రోజులు ఉండాలంది. ఆరో తరగతి దాకా ఆగడం ఎందుకు? ఒకటో తరగతి నుంచే చింతపిక్కలు, పుల్లలు, బంకమట్టి బడిలోకి రావాలి. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు, టీచరుకు తీరిక కావాలి, అంతే. సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగే అధికారులూ, తల్లిదండ్రులూ! ఈరోజు పిల్లలు చేతులతో ఏం చేసి చూశారో ముందు అడగండి.