తాళం ఎవరి చేతిలో ఉంది?

భద్రాచలం బస్టాండులో దిగేసరికి ఎండ మండిపోతోంది. ఆటో కోసం చూస్తుంటే 'మామయ్యా!' అని పిలుపు. తిరిగి చూస్తే మా అక్క కొడుకు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. తెల్లటి కొత్త స్కూటర్ మీద కూర్చుని నవ్వుతున్నాడు. బండి వచ్చి వెనకే ఆగినా చప్పుడు వినిపించలేదు. ముందూ వెనకా చూశాను... నంబరు ప్లేటు లేదు.

'నీకు లైసెన్సెక్కడిదిరా?' అన్నాను.

'కరెంటు బండికి అక్కర్లేదు మామయ్యా! రిజిస్ట్రేషన్ కూడా వద్దంట. షాపాయనే చెప్పాడు.'

వాణ్ని వెనక కూర్చోబెట్టి హ్యాండిల్ నేను పట్టుకున్నాను. వాళ్ల ఊరు ఎటపాక వైపు. పట్నం పొలిమేర దాటితే చాలు, తెలంగాణ అయిపోయి ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది. 2014 విభజన గీసిన గీత అది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట మీటరు వంక చూశాను. 43! అదీ ఇద్దరం కూర్చుంటే. ముందు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ గేదె మేం దగ్గరికొచ్చేదాకా కదల్లేదు. పాపం, బండి వస్తున్నట్టు దానికి తెలిస్తే కదా!

ఇల్లు చేరాక మంచినీళ్లు తాగుతూ అక్కనీ బావనీ అడిగాను. 'షాపువాళ్లు ఇచ్చిన కాగితాలేవీ?' ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉన్నది ఒక్క బిల్లు.

సగం నిజం

షాపాయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. సగం నిజం. అదే అసలు ప్రమాదం.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒక మినహాయింపు ఉంది. మోటారు శక్తి 250 వాట్ల కన్నా తక్కువ ఉండాలి. గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపే ఉండాలి. ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ, అంటే పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటిది, ఆ మోడల్‌ను పరీక్షించి ధ్రువీకరించాలి. ఇవన్నీ కుదిరితే చట్టం దృష్టిలో అది మోటారు వాహనమే కాదు. కాబట్టి రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా అవసరం లేదు. తొక్కుతుంటే మోటారు సాయం చేసే ఎలక్ట్రిక్ సైకిలుకూ ఇదే లెక్క. వేగం 25కు చేరేసరికి, లేదా తొక్కడం ఆపగానే మోటారు ఆగిపోవాలి.

ఈ గీత దాటితే? అది అన్ని బళ్లలాంటిదే. పెట్రోలు పోయకపోయినా సరే... రిజిస్ట్రేషన్ చేయించాలి, ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉండాలి, నడిపేవారికి లైసెన్సు, తలకు హెల్మెట్, బండికి బీమా ఉండాలి. ఇది కేంద్ర నిబంధన. కాబట్టి భద్రాచలంలోనైనా ఎటపాకలోనైనా ఒకటే. రాష్ట్రం మారిందని గీత మారదు.

మా వాడి బండి 43 వేగంతో వెళ్లింది. అమ్మేటప్పుడే అలా ఉందో, వేగానికి వేసిన కళ్లెం తర్వాత ఎవరైనా విప్పారో తెలియదు. ఎలాగైనా అది మినహాయింపులో లేదు.

పోనీ, రిజిస్ట్రేషన్ ఖర్చుకు జంకారా అంటే ఆ భయమూ అక్కర్లేదు. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయిస్తూ తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది.

శిక్ష పిల్లాడికి కాదు

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులో, బండి యజమానో బాధ్యులు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

ఇది చదివి వినిపిస్తే మా బావ మొహంలో రంగు మారింది. దాన్ని మించిన మాట ఇంకోటి ఉంది. సంత నుంచి నడిచి వస్తున్న ఏ ముసలాయనకో బండి తగిలిందనుకోండి. బీమా లేదు. ఆస్పత్రి ఖర్చు, నష్టపరిహారం అన్నీ మన జేబులోంచే! రైతు కుటుంబానికి ఏడాది పంట చాలకపోవచ్చు.

రాత్రిపూట చార్జింగు

ఆ రాత్రి ఇంకో దృశ్యం. బ్యాటరీ ఊడదీసి తెచ్చి, పిల్లలు పడుకునే గదిలోనే చార్జింగుకు పెట్టారు. నాకు 2022 గుర్తొచ్చింది. ఆ ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. అదే సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది బలయ్యారు. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది. కొత్త నిబంధనలు 2022 డిసెంబరు, 2023 మార్చి... ఇలా రెండు విడతల్లో అమల్లోకి వచ్చాయి.

గోదావరి ఒడ్డున ఉండేవాళ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరదలో మునిగిన బండిని ఆరబెట్టి చార్జింగుకు పెట్టేయకూడదు. కంపెనీ మెకానిక్ చూసి సరేనన్నాకే!

ఊరు చేయగలిగింది

ఇదంతా చదివి కరెంటు బండే వద్దనుకోకండి. మన్యం పల్లెలకు అది వరం. బస్సు రోజుకోసారి వచ్చే ఊళ్లున్నాయి. పెట్రోలు కావాలంటే మైళ్లు పోవాలి. ఇంట్లో ప్లగ్గు ఉంటే బండి కదులుతుంది. కావలసింది కట్టుబాటు.

కొన్ని నగరాలు తమ కట్టుబాటు తామే రాసుకున్నాయి. న్యూయార్క్‌లో 2023లో ఇలాంటి బ్యాటరీల మంటలకు 18 మంది చనిపోయారు. ఆ సెప్టెంబరు నుంచే భద్రతా ధ్రువీకరణ లేని ఎలక్ట్రిక్ సైకిళ్లు, బ్యాటరీల అమ్మకాన్ని ఆ నగరం నిషేధించింది. ప్యారిస్ ప్రజలను ఓటు అడిగి, అద్దె స్కూటర్లను 2023 సెప్టెంబరు నుంచి తీసేసింది.

మన దగ్గర రద్దీ రోజుల్లో ఏ దారిన ఏ మోటారు వాహనాలు రాకూడదో చెప్పే అధికారం చట్టం ఇచ్చింది. కానీ 25 లోపు బండి 'మోటారు వాహనం' కాదు కదా! శ్రీరామనవమి జనంలోకి అది దూరితే ఆ నిబంధన ఎలా వర్తిస్తుంది? ఈ ఖాళీని పూడ్చే పని ప్రభుత్వాలది. ఈలోగా బడి హెడ్మాస్టరు 'స్కూటర్ మీద రావద్దు' అనొచ్చు. పంచాయతీ దండోరా వేయించొచ్చు. తల అందరిదీ ఒకటే... కాబట్టి హెల్మెట్ చట్టం అడక్కపోయినా పెట్టుకోవచ్చు.

మర్నాడు బావ షాపుకు ఫోన్ చేసి పరీక్షా సంస్థ ఇచ్చిన ధ్రువీకరణ పత్రం అడిగాడు. 'రేపు చూద్దాం సార్' అన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు. బండి వసారాలో ఉంది. తాళం అక్క బీరువాలో ఉంది. మా వాడు మూతి ముడుచుకుని పాత సైకిలు మీదే బడికి పోతున్నాడు.

మీ వాకిట్లోనూ అలాంటి బండి ఉందా? ఈ ఆదివారం ఓ అరగంట కేటాయించండి. కాగితాలు బయటికి తీసి మోటారు ఎన్ని వాట్లో, వేగం ఎంతో చూడండి. బ్యాటరీ ఎక్కడ చార్జింగవుతోందో చూడండి. చివరగా... తాళం ఎవరి చేతిలో ఉందో చూడండి.