ఉడికినా పోని విషం

కాకినాడ నుంచి ఒక సోదరి రాశారు: "ఆదివారం కానగంతల పులుసు పెట్టాను. తిన్న అరగంటకే మావారికీ, మరిదికీ ముఖాలు కందగడ్డల్లా ఎర్రబడ్డాయి. ఒళ్ళంతా దద్దుర్లు, తలనొప్పి, గుండెదడ. రాత్రికి తగ్గింది గాని, నేను సరిగా ఉడికించలేదని అత్తగారు ఇప్పటికీ దెప్పుతున్నారు. తప్పు నాదేనా?"

కాదమ్మా. మీరు ఇంకో గంట ఉడికించినా అదే జరిగేది.

కానగంత, వంజరం, తూర వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చాక ఐసు లేకుండా వేడిలో ఉంటే సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి. దద్దుర్లు లేచినప్పుడు మన ఒంట్లో పుట్టేదీ ఇదే. అందుకే చాలామంది "చేప పడలేదు" అనుకుని ఊరుకుంటారు. ఒకే పులుసు తిన్న ఇద్దరికి ఒకేసారి వచ్చిందంటే అనుమానించవలసింది చేపనే.

పొయ్యిమీద సూక్ష్మజీవులు చస్తాయి; అవి చేసిపెట్టిన హిస్టమిన్ మాత్రం చావదు. వేపినా, ఎండబెట్టినా, తరువాత ఐసులో పెట్టినా అంతే. వాసన రావాలనీ లేదు. ఒక్కోసారి మిరియం కొరికినట్టు నాలుక చురుక్కుమంటుందంటారు. మన పులుసు కారంలో అదెక్కడ తెలుస్తుంది లెండి!

మంటకు లొంగని విషాలు సముద్రంలో ఇంకా ఉన్నాయి. 1793 జూన్‌లో, ఇప్పటి కెనడా పడమటి తీరాన్ని కొలుస్తున్న వాంకూవర్ మనుషులు కొందరు పొద్దున్నే ఆల్చిప్పలు కాల్చుకు తిన్నారు. కాసేపటికి మూతులు, చేతులు మొద్దుబారాయి. జాన్ కార్టర్ అనే నావికుడు ఆ మధ్యాహ్నమే చనిపోయాడు. కంటికి కనబడని నాచును తిని ఆల్చిప్పలు పోగుచేసుకున్న విషమది. ఆ చోటును ఇప్పటికీ పాయిజన్ కోవ్ అంటారు.

ఇక మీ సంగతి. పొద్దున ఎనిమిదింటికి కొన్న చేపను మధ్యాహ్నం దాకా సంచిలోనే ఉంచానని ఉత్తరం చివర రాశారు. అంతమటుకు నేను అత్తగారి పక్షమే! గంపలోనైనా ఐసు మధ్య ఉన్న చేపే కొనండి. ఇంటికి రాగానే కడిగి వండండి, లేదా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.

మళ్ళీ ఇలా జరిగి, ఊపిరి ఆడకపోయినా, తిన్నవారికి ఉబ్బసమో గుండెజబ్బో ఉన్నా రాత్రికి తగ్గుతుందిలే అని కూర్చోకండి. డాక్టరు దగ్గరకు వెళ్ళి, ఏ చేప, ఎన్నింటికి తిన్నారు, ఎందరికి వచ్చింది, అన్నీ చెప్పండి.

మరిదిగారు ఇక జన్మలో చేప ముట్టనని ఒట్టు పెట్టుకున్నారట. ఒకసారి డాక్టరుకు చూపించి, అది పడకపోవడం కాదని తేలితే, తాజా కానగంతలు దొరికిన రోజున ఆ ఒట్టు తీసి గట్టుమీద పెట్టమనండి.